సర్వరు పుట్టకముందే సోదా

"అన్నా, ఫైలు నేను రాశాను, మా లీడ్ చూసి అప్రూవ్ కొట్టాడు. మధ్యలో ఈ స్కానర్ గోల ఎందుకు?"

కోల్‌కతా సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో, కాలేజీ మోడ్ దగ్గర మట్టి కప్పుల్లో టీ తాగే తెలుగు కుర్రాళ్ల నోట ఈ మాట తరచూ వినబడుతుంది. పలాస నుంచో బరంపురం నుంచో రాత్రి రైలెక్కి వచ్చి, క్లౌడ్ టీముల్లో చేరినవాళ్లు వీళ్లు. ప్రశ్నలో చిరాకు ఉంది, కొంత న్యాయమూ ఉంది. మార్పును పరిశీలనకు పంపే పుల్ రిక్వెస్ట్ (పీఆర్) పెట్టిన ఐదు నిమిషాలకు ఎర్ర గుర్తు పడుతుంది. తెరిచి చూస్తే ఇరవై హెచ్చరికలు, అందులో పద్దెనిమిదింటికి తన మార్పుతో సంబంధమే ఉండదు. విసుగు రాకేం చేస్తుంది? కాబట్టి మొదట్నుంచీ చెప్పుకుందాం.

ఇంతకీ ఈ స్కానర్ చూసేది దేన్ని?

ఇప్పుడు చాలా టీముల్లో సర్వర్లను చేత్తో కూర్చి పెట్టడం లేదు, రాస్తున్నారు. ఏ రకం మెషీన్ కావాలి, ఎక్కడ కావాలి, దానికి ఏ తలుపులు తెరిచి ఉండాలి, డేటాబేస్ తాళాలు ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాస్తారు. 2014లో వచ్చిన టెర్రాఫామ్ ఈ పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. క్యూబర్నెటీస్ యామెల్ ఫైళ్లు, డాకర్ ఫైళ్లు కూడా ఈ కోవలోవే. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) కోసం రాసిన ఫైల్లో ఏపీ-సౌత్-1 అని ఉంటే మెషీన్ ముంబైలో లేస్తుంది. ఆ చివరి అంకె 2 చేస్తే 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో లేస్తుంది. కోల్‌కతాలోనూ అమెజాన్‌కు ఒక లోకల్ జోన్ ఉంది. దాని పేరులో సీసీయూ అని దమ్‌దమ్ విమానాశ్రయం కోడే ఉంటుంది.

ఇప్పుడు ఒక పేరా దగ్గరగా చూద్దాం. సెక్యూరిటీ గ్రూప్ అనే బ్లాక్‌లో ఇన్‌గ్రెస్, అంటే లోపలికి వచ్చే దారి, కింద కొద్ది వరుసలే. ప్రోటోకాల్ టీసీపీ, పోర్ట్ 22, ఎవరిని రానివ్వాలి అన్నచోట 0.0.0.0/0. ఈ చివరి అంకెల అర్థం "భూమ్మీద ఏ కంప్యూటర్ నుంచైనా రావచ్చు" అని. పోర్ట్ 22 సర్వర్లోకి లాగిన్ అయ్యే దారి. అంటే తలుపు బజార్లోకి తెరిచి పెట్టినట్టే. దురుద్దేశంతో ఎవరూ ఇలా రాయరు. సెక్టార్ ఫైవ్ రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు నిలిచిన ఏ ఆషాఢం రోజునో, ఇంటి నుంచి పనిచేస్తూ, వీపీఎన్ కలవక, "ఓ గంట తెరిచి మళ్లీ మూసేద్దాం" అనుకుని రాస్తారు. గంట గడుస్తుంది, వాన తగ్గుతుంది, వరుస అలాగే ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఇంకో టీమ్ వాళ్లు "ఇది పనిచేస్తున్న ఫైలే కదా" అని తమ ప్రాజెక్టులోకి కాపీ చేసుకుంటారు.

ఫైళ్లుగా రాయడంలో ఉన్న నష్టం ఇది. ఒక తప్పు పది చోట్ల మొలుస్తుంది. లాభమూ అక్కడే ఉంది. సర్వరు ఇంకా పుట్టలేదు, తప్పు మాత్రం అక్షరాల్లో కనబడుతోంది. రాసిన మనిషి అదే ఫైలు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. అప్పుడు చెబితే దిద్దడం అర నిమిషం పని. లైవ్‌లోకి వెళ్లి, దాని మీద నాలుగు అప్లికేషన్లు ఆధారపడ్డాక చెబితే చేంజ్ రిక్వెస్టు, డౌన్‌టైమ్ అనుమతి, క్లయింటుకు మెయిలు, అన్నీ కావాలి.

లీడ్ చూశాడుగా, చాలదా?

చాలదు. లీడ్ అసమర్థుడని కాదు. మనిషి కన్ను రాసి ఉన్నదాన్ని చదువుతుంది. ఈ ఫైళ్లలో ప్రమాదం చాలాసార్లు రాయని వరుసలో ఉంటుంది.

క్యాపిటల్ వన్ సంగతి తీసుకోండి. 2019లో ఆ అమెరికా బ్యాంకు నుంచి దాదాపు 10 కోట్ల మంది అమెరికన్ల, 60 లక్షల మంది కెనడియన్ల వివరాలు బయటికి పోయాయి. సరిగ్గా అమర్చని ఫైర్‌వాల్ మెషీన్‌ను మాయచేసి, క్లౌడ్ మెషీన్ లోపల 169.254.169.254 అనే చిరునామాలో ఉండే మెటాడేటా సర్వీసును అడిగించి, అక్కడ దొరికిన తాత్కాలిక తాళాలతో నిల్వ బకెట్లు తెరిచారు. ఆ ఫైర్‌వాల్‌కు అవసరానికి మించిన అధికారాలు ఇచ్చి ఉండటం వల్ల పని మరింత సులువైంది. మరుసటి ఏడాది ఆగస్టులో అక్కడి బ్యాంకుల నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఈ రకం దాడిని కష్టతరం చేసే మెటాడేటా రెండో వెర్షన్‌ను అమెజాన్ 2019 నవంబరులోనే తెచ్చింది. కానీ దాన్ని తప్పనిసరి చేయాలంటే ఫైల్లో ఒక చిన్న బ్లాక్ అదనంగా రాయాలి. చాలాకాలం పాటు ఆ బ్లాక్ లేకపోతే పాత పద్ధతి కూడా తెరిచే ఉండేది. లేని బ్లాక్ ఏ లీడ్ కంట పడుతుంది? శుక్రవారం సాయంత్రం నాలుగు వందల వరుసల పీఆర్ ముందు కూర్చుంటే అసలే పడదు. యంత్రానికి మాత్రం ఉన్నదీ లేనిదీ ఒకటే లెక్క. చెకోవ్ అనే స్కానర్లో 79వ ఏడబ్ల్యూఎస్ నియమం సరిగ్గా దీన్నే అడుగుతుంది.

రెండో కారణం కాలం. టయోటా 2023లో బయటపెట్టిన సంగతి చూడండి. జపాన్‌లో సుమారు 21.5 లక్షల మంది కస్టమర్ల వాహనాల సమాచారం, క్లౌడ్ అమరికలో పొరపాటు వల్ల, 2013 నవంబరు నుంచి 2023 ఏప్రిల్ దాకా బయటివాళ్లకు అందుబాటులో ఉండిపోయింది. దాదాపు పదేళ్లు! ఆ పదేళ్లలో ఎన్ని ఆడిట్లు జరిగి ఉంటాయో ఊహించుకోండి. మన దగ్గర 2020లో భీమ్ యాప్ ప్రచారం కోసం సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్ల సంస్థ) నడిపిన వెబ్‌సైటు తాలూకు బకెట్ ఒకటి తాళం లేకుండా దొరికింది. అందులో 409 గిగాబైట్ల పత్రాలున్నాయని కనిపెట్టినవాళ్లు రాశారు. భీమ్ యాప్‌కు ఏ హానీ జరగలేదని ఆ యాప్‌ను తెచ్చిన ఎన్‌పీసీఐ ప్రకటించింది. యాప్ భద్రంగానే ఉండొచ్చు. జనం ఆధార్ కాపీలు, కుల ధ్రువపత్రాలు మాత్రం పక్కనున్న బకెట్లో ఉన్నాయి.

యంత్రం ఈ ఫైళ్లను ఎలా చదువుతుంది?

అందరూ అనుకునేంత తెలివి అందులో లేదు. ఫైలును వరుసలుగా కాక కొమ్మలుగా విడగొడుతుంది. ఇది సెక్యూరిటీ గ్రూప్, దానికింద ఇన్‌గ్రెస్, దానికింద పోర్టూ చిరునామాలూ. తర్వాత తన నియమాల పుస్తకం తీసి ఒక్కొక్కటీ అడుగుతుంది. 22ను కలిపే పోర్ట్ పరిధి ఉందా? చిరునామాల్లో 0.0.0.0/0 ఉందా? రెండూ ఉంటే ఫెయిల్, చెకోవ్‌లో ఇది 24వ నియమం. డేటాబేస్ నిల్వకు ఎన్‌క్రిప్షన్ పెట్టారా, పర్మిషన్లలో అన్నిటికీ కలిపి నక్షత్రం గుర్తు పెట్టేశారా, ఇలాంటి వందల ప్రశ్నలు సెకన్లలో అయిపోతాయి. చివర ఒక ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. సున్నా అయితే పైప్‌లైన్ ముందుకు పోతుంది, కాకపోతే ఆగుతుంది. ఆటోమేషన్ అని మనం పిలిచేదంతా ఆ అంకె మీద నిలబడి ఉంది.

చెకోవ్, ట్రివీ, కిక్స్ ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ పనిముట్లు. ఒకప్పుడు బాగా వాడిన టీఎఫ్‌సెక్ ఇప్పుడు ట్రివీలో కలిసిపోయింది. ఏది మంచిదని గంటలకొద్దీ వాదించుకోవడం నాకు దండగ అనిపిస్తుంది. ఏదో ఒకటి ఎంచుకోండి, అంతే.

ఒక చిక్కు మాత్రం తెలిసి ఉండాలి. ఫైల్లో చిరునామా నేరుగా రాయకుండా ఒక వేరియబుల్ పేరు పెట్టి, విలువ బయటి నుంచి వచ్చేలా చేస్తే, స్కానర్‌కు అక్కడ ఏముందో తెలియదు. చాలాసార్లు పాస్ చేసేస్తుంది. దీనికి విరుగుడు ఫైలును కాక ప్లాన్‌ను స్కాన్ చేయడం. టెర్రాఫామ్ "నేను చేయబోయేది ఇదీ" అని ఒక ప్లాన్ తయారుచేస్తుంది, దాన్ని జేసన్ రూపంలోకి మార్చుకోవచ్చు. అందులో వేరియబుళ్లకు అసలు విలువలు పడి ఉంటాయి. అయితే పాస్‌వర్డుల్లాంటి రహస్యాలు కూడా ఆ జేసన్‌లో దాపరికం లేకుండా ఉంటాయి. స్కాన్ అయ్యాక ఆ ఫైలును పైప్‌లైన్ ఆర్టిఫాక్టుగా నెలల తరబడి దాచిపెట్టే టీములున్నాయి. దొంగ కోసం కాపలా పెట్టి, ఆ కాపలావాడి చేతికే బీరువా తాళం ఇచ్చినట్టు.

ఎక్కడ పెట్టాలి దీన్ని?

రాసేవాడి ల్యాప్‌టాప్‌లో ప్రీ-కమిట్ హుక్‌గా పెడితే జవాబు తక్షణం వస్తుంది. కానీ నో-వెరిఫై అని ఒక్క మాట చేర్చితే దాన్ని దాటేయవచ్చు. కాబట్టి అది సౌకర్యమే, కాపలా కాదు. అసలు కాపలా పుల్ రిక్వెస్ట్ దగ్గర ఉండాలి. స్కాన్ పాస్ కాకుండా మెయిన్ బ్రాంచిలోకి మెర్జ్ కాకూడదని రిపాజిటరీ సెట్టింగుల్లోనే పెట్టాలి. ఆ సెట్టింగు మరిచిపోయి "మాకు స్కానర్ ఉంది" అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇక ప్రతి రాత్రీ రిపాజిటరీ మొత్తాన్ని మరోసారి స్కాన్ చేయాలి. ఫైలు మారకపోయినా నియమాలు మారతాయి, కొత్తవి చేరతాయి. దుర్గాపూజ రోజుల్లో ఈ సంగతి బాగా తెలుస్తుంది. షష్ఠి నుంచి దశమి దాకా కోల్‌కతాలో సగం ఆఫీసు సెలవు, చాలా టీములు మార్పులన్నీ ఫ్రీజ్ చేస్తాయి. పీఆర్‌లు లేవు కాబట్టి పీఆర్ స్కాన్‌లూ లేవు. రాత్రి స్కాన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. దానికంటే పూజకు ముందు వారం మరీ ప్రమాదం. ఫ్రీజ్ మొదలవకముందే అంతా తోసేయాలన్న తొందరలో "ఈసారికి స్కాన్ పక్కన పెట్టు, వచ్చాక చూద్దాం" అనే మాట వస్తుంది. ఆ అనుమతి ఎవరు ఇవ్వవచ్చో భాద్రపదంలోనే తేల్చి పెట్టుకోవాలి.

మొదటిసారి నడిపితే తొమ్మిది వందల ఫెయిల్స్ వచ్చాయన్నా, ఏం చేయాలి?

నా లెక్కలో అసలు పని ఇక్కడ మొదలవుతుంది, చాలా టీములు ఇక్కడే చతికిలబడతాయి. స్కానర్ పెట్టడం ఒక మధ్యాహ్నం పని. అది చెప్పేది జనం చదివేలా చేయడం ఏడాది పని.

తొమ్మిది వందల్ని ఒకేసారి దిద్దుతామని కూర్చోకండి. పాత తప్పులన్నిటినీ బేస్‌లైన్ ఫైల్లో నమోదు చేసి పక్కన పెట్టే వీలు చెకోవ్‌లో ఉంది. అప్పుడు కొత్తగా చేరే తప్పులకే ఎర్ర గుర్తు పడుతుంది. ఇల్లు ఇంకా మురికి కాకుండా ఆగుతుంది, పాత మురికిని వారానికి కొంత తీసుకోవచ్చు. కొన్ని వారాలు ఆపకుండా కేవలం చూపించేలా, అంటే సాఫ్ట్-ఫెయిల్‌లో నడపండి. ఏ నియమం ఎక్కువ గోల చేస్తోందో అప్పుడు తెలుస్తుంది.

ఆ గోలలో కొంత అక్కరలేనిదే. అమెజాన్ ఎస్3 బకెట్లలో చేరే కొత్త ఫైళ్లన్నీ 2023 జనవరి నుంచి వాటంతటవే ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయి. అదే ఏడాది ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లకు బహిరంగ ప్రవేశం మొదట్నుంచే మూసి వస్తోంది. అయినా "ఎన్‌క్రిప్షన్ గురించి ఇక్కడ రాయలేదు" అని ఏళ్లనాటి నియమం అరుస్తూనే ఉండొచ్చు. అలాంటివి వందసార్లు చూసిన మనిషి నూటొకటో ఎర్ర గుర్తును కూడా చదవకుండా మూసేస్తాడు. ఆ నూటొకటోది పోర్ట్ 22 కావచ్చు. అందుకే మెర్జ్‌ను ఆపే నియమాలు మొదట్లో పది, పదిహేను మించనివ్వొద్దంటాను. ప్రపంచానికి తెరిచిన లాగిన్ పోర్టులు, బహిరంగ డేటాబేసులు, బహిరంగ బకెట్లు, నక్షత్రం పర్మిషన్లు, ఫైల్లో రాసేసిన తాళాలు. మిగతావి హెచ్చరికలుగా ఉండనివ్వండి. భద్రతా విభాగం వాళ్లు దీనికి ఒప్పుకోరు, అన్నీ ఆపాలంటారు. అన్నీ ఆపిన చోట చివరికి స్కానర్‌నే ఆపేస్తారని వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి.

మినహాయింపులు తప్పవు. జనం చూడాల్సిన వెబ్‌సైటు బొమ్మల బకెట్ బహిరంగంగానే ఉండాలి కదా. దానికి ఆ బ్లాక్ లోపలే ఒక కామెంటు రాస్తే స్కానర్ ఆ నియమాన్ని వదిలేస్తుంది, పక్కన కారణం రాసే చోటూ ఉంది. చాలామంది అక్కడ "నీడెడ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఎవరికి నీడెడ్? ఎప్పటిదాకా? ఎవరు ఒప్పుకున్నారు? ట్రివీలో మినహాయింపుకు గడువు తేదీ పెట్టవచ్చు. ఆ తేదీ దాటితే అది దానంతటదే చెల్లదు, ఎర్ర గుర్తు తిరిగొస్తుంది. వానరోజు తెరిచిన పోర్టుకు ఇలాంటి తేదీ ఉండి ఉంటే ఇంకో టీమ్ దాన్ని కాపీ చేసుకునేదాకా వచ్చేది కాదు.

ఈ నియమాలు బయటి దేశాలవాళ్లు రాసినవి. మనకు సరిపోతాయా?

చాలావరకు సరిపోతాయి, కొన్ని మనమే రాసుకోవాలి. సైబర్ ఘటనలు చూసే మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన కనబడిన 6 గంటల్లో తెలియజేయాలి. సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఫైల్లో లాగ్ నిల్వ కాలం 90 అని రాసి ఉంటే మన చట్టం లెక్కలో అది తక్కువని బయటి నియమాల పుస్తకానికి తెలియకపోవచ్చు. అలాగే క్లయింటుతో ఒప్పందంలో "డేటా ఇండియా దాటకూడదు" అని ఉంటే ముంబై, హైదరాబాద్ రీజియన్లు తప్ప మరేది కనబడినా ఆపాలి. ఇలాంటివి చెకోవ్‌లో యామెల్‌లోనో పైథాన్‌లోనో, ఓపెన్ పాలసీ ఏజెంట్ వాడేవాళ్లు రీగోలోనో రాసుకుంటారు. కొద్ది వరుసలే చాలు. రాసిన నియమాన్ని పరీక్షించడానికి తప్పున్న ఫైలు ఒకటి, ఒప్పున్న ఫైలు ఒకటి పక్కన ఉంచుకోండి. ఎప్పుడూ ఫెయిల్ కాని నియమం పనిచేస్తోందో నిద్రపోతోందో తెలుసుకోవడానికి వేరే దారి లేదు.

2023 నాటి వ్యక్తిగత డేటా చట్టంలో తగిన భద్రత పెట్టనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మేనేజర్లను ఒప్పించడానికి ఈ ఒక్క అంకె చాలాసార్లు సరిపోతుంది.

స్కాన్ పాసైతే ఇక నిశ్చింతే కదా?

కాదు. 2021 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ ఆరోగ్య శాఖ కోవిడ్ పరీక్షల ఫలితాలు బయటివాళ్లకు అందుతున్న సంగతి బయటపడింది. పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఎస్సెమ్మెస్‌లో ఒక లింకు వచ్చేది. అందులో రిపోర్టు నంబరు తేలిగ్గా విప్పగలిగే రూపంలో ఉండేది. నంబరు మార్చితే పక్కవాళ్ల రిపోర్టు తెరుచుకునేది. పేరు, వయసు, చిరునామాతో సహా. అలా 80 లక్షలకు పైగా రిపోర్టులు అందుబాటులో ఉన్నాయని వార్తలు వచ్చాయి. ఇక్కడ సర్వరు కాన్ఫిగ్ ఫైళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. అడిగినవాడు ఎవరో అప్లికేషన్ చూడలేదు, తప్పు కోడ్‌లో ఉంది. దానికి వేరే పరీక్షలు కావాలి. మన స్కానర్ ఆ పని చేస్తుందని క్లయింటుకు చెప్పడం మోసం.

ఇంకో హద్దు ఏమిటంటే, స్కానర్ చదివేది ఫైలును, నడుస్తున్న వ్యవస్థను కాదు. రాత్రి రెండింటికి సైట్ పడిపోతే ఎవరో కన్సోల్లోకి లాగిన్ అయి చేత్తో ఏదో మార్చేస్తారు. ఫైల్లో పాతదే ఉంటుంది. రాతకూ వాస్తవానికీ ఇలాంటి తేడా ఎంత ప్రమాదమో రైల్వేలోనూ చూశాం. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహానగా బజార్‌లో, షాలిమార్ నుంచి బయల్దేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం మన లైను మీద ప్రయాణించే ఎవరూ మరచిపోరు. 290 మందికి పైగా పోయారు. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది ఇదే తరహా సంగతి. అంతకుముందు ఎప్పుడో సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పులో లోపం, తీగల మీద తప్పు పేర్లు, ఏళ్ల తరబడి ఎవరూ గమనించకపోవడం. రాత ఒకటి, తీగ మరొకటి.

క్లౌడ్‌లో ఈ తేడా పట్టుకోవడం రైల్వే కంటే చాలా తేలిక. రోజూ ఒకసారి టెర్రాఫామ్ ప్లాన్‌ను డీటెయిల్డ్-ఎగ్జిట్‌కోడ్ అనే ఆప్షన్‌తో నడిపితే, ఫైలుకూ వాస్తవానికీ తేడా లేనప్పుడు సున్నా, ఉన్నప్పుడు 2 వస్తుంది. 2 వచ్చిన రోజు టీమ్ ఛానెల్‌కు మెసేజ్ పోవాలి. ఫైల్లో అసలు రాయనే రాయకుండా కన్సోల్లో కొత్తగా సృష్టించినవి మాత్రం దీనికి దొరకవు. వాటికోసం ప్రౌలర్ లాంటి, అకౌంటునే నేరుగా వెతికే పనిముట్టు కావాలి.

మరి స్కానర్‌నే ఎవరైనా పాడుచేస్తే?

మంచి ప్రశ్న, ఎక్కువమంది అడగనిది. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి జనాదరణ పొందిన ఒక గిట్‌హబ్ యాక్షన్‌లోకి ఎవరో దుష్ట కోడ్ చొప్పించి, దాని వెర్షన్ ట్యాగులన్నీ ఆ కోడ్ వైపు తిప్పారు. దాన్ని వాడే రిపాజిటరీలు 23 వేలకు పైగా ఉన్నాయి. పైప్‌లైన్లోని రహస్యాలు లాగ్‌లలో అచ్చయ్యాయి. అది స్కానర్ కాదు, కానీ స్కానర్‌కైనా ఇదే జరగవచ్చు. ఎందుకంటే స్కానర్ కూడా ఎవరో రాసిన ప్రోగ్రామే, మన పైప్‌లైన్లో మన అధికారాలతో నడుస్తుంది.

కాబట్టి వెర్షన్ పేరును నమ్మకుండా పూర్తి కమిట్ హ్యాష్‌తో బిగించండి. ట్యాగ్‌ను వేరేచోటికి జరపవచ్చు, హ్యాష్‌ను జరపలేరు. స్కాన్ చేసే జాబ్‌కు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. డిప్లాయ్ చేసే తాళాలు ఆ జాబ్ దరిదాపుల్లో ఉండకూడదు. ప్లాన్ స్కాన్‌కు క్లౌడ్ లాగిన్ తప్పదంటే ప్లాన్ తీయడం ఒక జాబ్, స్కాన్ చేయడం ఇంకో జాబ్‌గా విడదీసి, రెండోదానికి తాళాలేవీ అందకుండా చూడండి. ముందే అనుకున్నట్టు జేసన్‌లోనే పాస్‌వర్డులు ఉండవచ్చు కాబట్టి, ఆ రెండో జాబ్‌కు బయటి ఇంటర్నెట్ కూడా మూసేస్తే ఇంకా మంచిది. నియమాల కొత్త కాపీని ముందే తెచ్చి దగ్గర పెట్టుకుంటే స్కాన్ ఏ ఆటంకం లేకుండా నడుస్తుంది.